రెండు స్క్రీన్లకి రెండు వేరే ఎఫెక్ట్స్, ఒక్క లాప్‌టాప్‌తో లైవ్‌లో ఎట్ల చేయాల

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివినా. తిరుపతిలో మీ కాలేజీ ఫంక్షన్‌కి గంగమ్మ జాతర మీద డాన్స్ బ్యాలే చేస్తా ఉండారు, స్టేజికి అటొక స్క్రీను ఇటొక స్క్రీను, రెండు ప్రొజెక్టర్లు, ఒకటే కెమెరా, ఒకటే గేమింగ్ లాప్‌టాప్. ఎడమ స్క్రీన్‌లో డాన్సర్ ఉత్త గీతల బొమ్మగా కనపడాల, కుడి స్క్రీన్‌లో అదే డాన్సర్ వెనకాల నీడలు సాగుతా రావాల. రెజొల్యూమ్ (లైవ్‌లో వీడియోలు, ఎఫెక్ట్స్ కలిపి నడిపే సాఫ్ట్‌వేర్)లో ఏ ఎఫెక్ట్ వేసినా రెండు పక్కలా పడతా ఉంది, ఇంకో లాప్‌టాప్ అద్దెకి తెచ్చుకోవాల్నా అని అడిగినావు. వద్దు. ఉన్నదే చాలు. నువ్వు ఎఫెక్ట్ వేసిన చోటు మార్చుకుంటే పని అయిపోతుంది. కానీ అంతటితో షో బాగా రాదు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తా ఉండా, ఓపిగ్గా చదువు.

నేను పద్నాలుగేండ్లుగా తిరుపతి, చిత్తూరు, పలమనేరు పక్క ఈ పనే చేస్తా ఉండా. పెళ్ళిళ్ళు, కాలేజీ ఫంక్షన్లు, ఊర్లలో భారతం జరిగేటప్పుడు రాత్రి నాటకాలకి స్క్రీన్లు. ఈ ఒక్క ప్రశ్న నన్ను కనీసం ఇరవై మంది అడిగుంటారు, అందరూ చేసే తప్పు ఒకటే.

మన పక్క మడికి నీళ్ళు కట్టేది చూసుంటావు కదా. బోరు దగ్గర పెద్ద కాలువలోనే ఎరువు కలిపేస్తే అది అన్ని మడులకీ పోతుంది, నువ్వు ఎన్ని మడులు చేసినా సరే. ఒక్క మడికే పోవాలంటే నీళ్ళు ఆ మడికి తిరిగే పాయలో కలపాల. రెజొల్యూమ్‌లో కూడా ఎఫెక్ట్ వేసేదానికి నాలుగు చోట్లు ఉన్నాయి, క్లిప్పు (ఒక వీడియో లేదా కెమెరా), లేయరు (క్లిప్పులు పెట్టే వరుస), గ్రూపు (కొన్ని లేయర్ల కట్ట), అన్నిటికీ పైన కాంపొజిషను (మొత్తం బొమ్మ). నువ్వు ఎఫెక్ట్‌ని కాంపొజిషన్ మీద పడేస్తా ఉండావు, అదే పెద్ద కాలువ. లేదంటే లేయర్ మీదనే వేసి, రెండు ప్రొజెక్టర్లకీ మొత్తం కాంపొజిషన్‌నే పంపిస్తా ఉండావు, అప్పుడు కూడా రెండు చోట్లా ఒకటే బొమ్మ వస్తుంది. ముందు బొమ్మని రెండు పాయలు చెయ్యి, ఆ తర్వాత ఏ పాయలో ఏ ఎఫెక్ట్ కావాల్నో ఆడ కలుపు. ఇది ఒక్కటి పట్టుకుంటే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే నువ్వే దారి కనుక్కుంటావు.

ఇప్పుడు పని. కాంపొజిషన్ సైజు 1920 బై 1080 పెట్టు. రెండు గ్రూపులు చేసి, ఒకదానికి 'ఎడమ' ఇంకోదానికి 'కుడి' అని పేరు పెట్టు. పేరు పెట్టకుండా లేయర్ 1, లేయర్ 2 అని వదిలేసినావంటే షో రోజు చీకట్లో ఏది ఏదో అర్థం కాదు, నేనైతే ఎడమకి ఒక రంగు కుడికి ఒక రంగు కూడా ఇచ్చుకుంటా. ఒక్కో గ్రూప్‌లో రెండేసి లేయర్లు చాలు, కిందది కెమెరాకి, పైది ఏదైనా వీడియో కలపాలంటే పనికొస్తుంది. సోర్సెస్‌లో నీ క్యాప్చర్ కార్డు (కెమెరా బొమ్మని లాప్‌టాప్‌లోకి తెచ్చేది) కనపడుతుంది కదా, దాన్ని లాక్కొచ్చి ఎడమ గ్రూప్ లేయర్‌లో ఒక క్లిప్పుగా పెట్టు, మళ్ళీ అదే దాన్ని తెచ్చి కుడి గ్రూప్‌లో పెట్టు. కెమెరా ఒకటే కదా రెండుసార్లు తెరుచుకుంటుందా అని భయపడొద్దు, కెమెరాని రెజొల్యూమ్ ఒక్కసారే తీసుకుని రెండు క్లిప్పులకీ పంచుతుంది. ఎడమ క్లిప్పు మీద ఎడ్జ్ డిటెక్షన్ (గీతల బొమ్మ చేసేది), కుడి క్లిప్పు మీద ట్రెయిల్స్ (వెనకాల నీడలు సాగదీసేది). కాంపొజిషన్ ఎఫెక్ట్స్ ట్యాబ్‌లో మాత్రం ఏమీ పెట్టొద్దు, నువ్వు ఇంతకుముందు వేసినవి ఉంటే అన్నీ తీసెయ్.

తర్వాత అవుట్‌పుట్ మెనూలో అడ్వాన్స్డ్ తెరువు. రెండు స్క్రీన్లు చెయ్యి, ఒక్కోదానికి డివైస్ దగ్గర ఒక్కో ప్రొజెక్టర్ ఇవ్వు. ఒక్కో స్క్రీన్ లోపల స్లైస్ అని ఒకటి ఉంటుంది, దాన్ని క్లిక్ చేస్తే దాని ఇన్‌పుట్ ఏంటి అని పక్కన చూపిస్తుంది, మామూలుగా ఆడ కాంపొజిషన్ అని ఉంటుంది. నీ కష్టమంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉంది. మొదటి స్క్రీన్ స్లైస్‌కి దాన్ని 'ఎడమ' గ్రూప్‌గా మార్చు, రెండో దానికి 'కుడి' గ్రూప్‌గా మార్చు. అంతే, రెండు పాయలు అయిపోయినాయి. ఇకమీద కాంపొజిషన్ ప్రివ్యూలో రెండూ ఒకదాని మీద ఒకటి పడి గజిబిజిగా కనపడుతుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు, అది ఎవరికీ పోదు, స్క్రీన్లకి గ్రూపులే పోతా ఉంటాయి.

ఒక మాట, ఈ అడ్వాన్స్డ్ అవుట్‌పుట్ ఉండేది రెజొల్యూమ్‌లో పెద్ద వెర్షన్ అయిన అరీనాలోనే, చిన్నదైన అవెన్యూలో దొరకదు. నువ్వు ఏది వేసుకున్నావో చూసుకో. ట్రయల్ వెర్షన్‌లో నేర్చుకునేదానికి అన్నీ పని చేస్తాయి గానీ బొమ్మ మీద వాళ్ళ లోగో వస్తుంది, షోకి అది పెట్టలేవు. లైసెన్స్ కొనేంత డబ్బు కాలేజీ వాళ్ళు ఇవ్వకపోతే కింద ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దారి చెప్తా, అది పైసా ఖర్చు లేదు.

కొంతమంది ఇంకో మాదిరి చెప్తారు, కాంపొజిషన్‌ని 3840 బై 1080 చేసి ఎడమ సగం ఒక ప్రొజెక్టర్‌కి కుడి సగం ఇంకో ప్రొజెక్టర్‌కి అని. అది తప్పు కాదు, ఒక బొమ్మ ఎడమ స్క్రీన్ నుంచి కుడి స్క్రీన్‌కి పరిగెత్తాలంటే అదే చేయాల. కానీ నీ పనికి అది ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే మిర్రర్, బ్లర్, ట్రెయిల్స్ లాంటివి మొత్తం కాన్వాస్‌ని పట్టుకుంటాయి, ఎడమ పక్క లేయర్‌కే వేసినా అంచు దాటి పక్క సగంలోకి కారిపోతాయి. మిర్రర్ వేస్తే ఎడమ పక్కనున్న డాన్సర్ కుడి స్క్రీన్‌లో తేలిన కేసు నేను చూసినా. గ్రూపుల దారిలో ఆ గొడవే లేదు, ఒకదాని ఎఫెక్ట్ ఇంకోదానికి తగిలే దారే ఉండదు.

ఇంకా ఒకటి, ఎఫెక్ట్‌ని గ్రూప్ మీద వేయాల్నా క్లిప్పు మీద వేయాల్నా అని తర్వాత నువ్వే అడుగుతావు కాబట్టి ఇప్పుడే చెప్తా. సీన్‌ని బట్టి మారేవి క్లిప్పు మీద, స్క్రీన్‌ని బట్టి ఉండేవి గ్రూప్ మీద. మీ బ్యాలేలో బైరాగి వేషం సీను, బండ వేషం సీను, తోటి వేషం సీను అని వరుసగా వస్తాయి కదా. మొదటి కాలమ్ (క్లిప్పుల గడుల్లో నిలువు వరుస) మొత్తం బైరాగికి, రెండో కాలమ్ బండకి, అట్ల పెట్టుకో. కెమెరా క్లిప్పునే కాపీ చేసి పక్క కాలమ్‌లో పేస్ట్ చేసి దాని ఎఫెక్ట్స్ మార్చుకుంటా పో. షోలో పైన కాలమ్ నంబర్ ఒక్కసారి నొక్కితే ఎడమా కుడీ రెండూ ఒకేసారి కొత్త సీన్‌కి మారిపోతాయి, దేని ఎఫెక్ట్ దానికే. చేతులు రెండే ఉన్నాయి, చీకట్లో ఒక్కో ఎఫెక్ట్ ఆన్ చేస్తా ఆఫ్ చేస్తా కూర్చుంటే తాళం తప్పిపోతాం. గ్రూప్ మీద మాత్రం ఆ ప్రొజెక్టర్ రంగు సరిచేసే ఎఫెక్ట్ ఒకటి పెట్టి వదిలేయాల, షో అయ్యేదాకా ముట్టుకోకూడదు.

రంగు సరిచేసేది ఎందుకంటే అద్దెకి తెచ్చే రెండు ప్రొజెక్టర్లు ఎప్పుడూ ఒకే మాదిరి ఉండవు. ఒకదాని ల్యాంప్ పాతదై పసుపు తిరుగుతుంది, ఇంకోటి నీలంగా కొడుతుంది. రెండిటికీ తెల్ల బొమ్మ పంపించి, ఎక్కువ వెలుగున్న దాన్ని తక్కువున్న దానికి తగ్గించుకో, కింది దాన్ని పైకి లాగేదానికి చూడొద్దు. నీకు కలిసొచ్చేది ఏందంటే రెండు స్క్రీన్లలో వేరే వేరే ఎఫెక్ట్స్ ఉంటే ఈ తేడా జనాలకి తెలీదు, ఒకే బొమ్మ రెండు పక్కలా వేసినప్పుడే కొట్టొచ్చినట్టు కనపడేది.

ఓబీఎస్‌లో చేయాలంటే. ఈడ కూడా అదే పాయల కథ, కాకపోతే చిక్కుముడి ఇంకో చోట ఉంటుంది. 'ఎడమ' అని ఒక సీను, 'కుడి' అని ఒక సీను చెయ్యి. ఎడమలో కెమెరా వేసి, దాన్ని కాపీ చేసి కుడి సీన్‌లో రిఫరెన్స్‌గా పేస్ట్ చెయ్యి. డూప్లికేట్ అని పేస్ట్ చేస్తే విండోస్‌లో ఆ కెమెరా రెండోసారి తెరుచుకోక నల్లగా ఉండిపోతుంది. ఇప్పుడు అందరూ కెమెరా సోర్స్ మీద రైట్ క్లిక్ కొట్టి ఫిల్టర్ వేస్తారు, వెంటనే రెండు సీన్లలోనూ పడుతుంది, ఎందుకంటే ఫిల్టర్ అనేది సోర్స్‌కి అతుక్కుని ఉంటుంది, ఆ సోర్స్ ఎన్ని సీన్లలో ఉంటే అన్నిట్లో వస్తుంది. అందుకని సోర్స్‌ని వదిలేసి సీన్ పేరు మీద రైట్ క్లిక్ కొట్టి ఫిల్టర్స్‌లోకి పోవాల. సీన్‌కి వేసిన ఫిల్టర్ ఆ సీన్‌కే. ఆ తర్వాత ఒక్కో సీన్ మీద రైట్ క్లిక్ కొట్టి ఫుల్‌స్క్రీన్ ప్రొజెక్టర్ అని ఉంటుంది, దాంట్లో ఎడమకి ఒక డిస్‌ప్లే కుడికి ఒక డిస్‌ప్లే. రెండూ ఒకేసారి నడుస్తాయి, మెయిన్ విండోలో ఏ సీన్ ఉన్నా పట్టించుకోవు. ఓబీఎస్‌లో పుట్టుకతో వచ్చే ఫిల్టర్లు తక్కువ, రంగు మార్చేది, లూమా కీ, క్రోమా కీ (వెలుగుని, రంగుని బట్టి బొమ్మలో కొంత భాగం తీసేసేవి), షార్పెన్, రెండర్ డిలే ఇట్లాంటివి, గీతల బొమ్మ, నీడలు కావాలంటే షేడర్ ఫిల్టర్ ప్లగిన్ వేసుకోవాల. ఇంకోటి గుర్తు పెట్టుకో, ప్రొజెక్టర్ విండో మీద ఉన్నప్పుడు ఎస్కేప్ నొక్కితే అది మూసుకుపోతుంది. షోకి ముందు ఆ కీ మీద ఒక టేప్ ముక్క అంటించు, నేను ఇప్పటికీ అంటిస్తా.

టచ్‌డిజైనర్ అనే ఇంకో విజువల్స్ సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడిగినావు. అది చాలా గొప్పది, కానీ ఉచితంగా వచ్చే దాంట్లో రిజొల్యూషన్ 1280 బై 1280కి మించదు, పైగా కొత్తగా మొదలుపెట్టినోళ్ళకి మూడు వారాల్లో చేతికి రాదు. ఈసారికి వదిలెయ్.

ఇప్పుడు వైర్ల సంగతి, దీని దగ్గరే సగం మంది పడిపోతారు. నువ్వు రాసిన దాంట్లో 'హాల్లో ఉన్న స్ప్లిట్టర్‌తో రెండు ప్రొజెక్టర్లకి' అని ఒక మాట ఉంది. ఆ స్ప్లిట్టర్ ఉన్నన్ని రోజులు రెజొల్యూమ్‌లో నువ్వు ఏం చేసినా రెండు స్క్రీన్లలో ఒకటే వస్తుంది, ఎందుకంటే స్ప్లిట్టర్ పనే ఒకే బొమ్మని రెండు చేసేది. లాప్‌టాప్ నుంచి రెండు వేరే వేరే పోర్టులు కావాల. ఒకటి హెచ్‌డీఎమ్‌ఐ, ఇంకోటి యూఎస్‌బీ సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్ వచ్చేదైతే ఒక కన్వర్టర్ వేసుకుంటే సరి. యూఎస్‌బీ సీ పోర్ట్ ఉన్నంత మాత్రాన దాంట్లోంచి వీడియో వస్తుందని లేదు, కొన్నిట్లో ఉత్త డేటానే వస్తుంది, ముందే ఒక టీవీకి పెట్టి చూసుకో. మామూలు యూఎస్‌బీ నుంచి హెచ్‌డీఎమ్‌ఐ చేసే చవక డబ్బాలు దొరుకుతాయి, అవి ప్రెజెంటేషన్లకి చాలు గానీ ఈ పనికి వద్దు, వాటికి బొమ్మని ప్రాసెసరే కుదించి పంపాల, ఒక స్క్రీన్ గుక్కపడతా నడుస్తుంది.

విండోస్ బటన్ పట్టుకుని పి నొక్కి ఎక్స్‌టెండ్ పెట్టు, డూప్లికేట్ కాదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మూడు డబ్బాలు కనపడాల, లాప్‌టాపు, రెండు ప్రొజెక్టర్లు. మూడింటికీ 60 హెర్ట్జ్, రెండు ప్రొజెక్టర్లకీ 1920 బై 1080, స్కేలింగ్ 100 శాతం. గేమింగ్ లాప్‌టాపుల్లో కొన్నిటికి హెచ్‌డీఎమ్‌ఐ పోర్ట్ ఎన్‌విడియా కార్డుకి తగిలించుంటారు, యూఎస్‌బీ సీ మాత్రం లోపలి ఇంటెల్ గ్రాఫిక్స్‌కి పోతుంది. అట్ల ఉంటే ఒక స్క్రీన్ నున్నగా ఇంకో స్క్రీన్ చిరిగినట్టు వస్తుంది, నీ ఎఫెక్ట్ తప్పనుకుని రాత్రంతా దాన్నే గెలుకుతా కూర్చుంటావు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఏ పోర్ట్ దేనికి తగిలిందో బొమ్మ వేసి చూపిస్తుంది, ఒకసారి చూడు. చార్జర్ పెట్టే నడుపు, బ్యాటరీ మీద గ్రాఫిక్స్ కార్డు సగం నిద్రపోతా ఉంటుంది.

కేబుల్ 10 మీటర్లు దాటితే మంచి హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ తెచ్చుకో, 15 మీటర్లు దాటితే క్యాట్ 6 వైరు మీద నడిచే ఎక్స్‌టెండర్లు వాడు, హెచ్‌డీబేస్‌టీ రకం అయితే 1080 బొమ్మ 100 మీటర్ల దాకా పోతుంది. చవక పొడుగు కేబుల్‌లో నల్ల బొమ్మ మీద తెల్ల చుక్కలు మెరుస్తా వస్తాయి, గీతల బొమ్మ మీద అవి ఇంకా బాగా కనపడతాయి.

చిత్తూరు దగ్గర ఒక ఊర్లో భారతం అప్పుడు నాకు జరిగింది చెప్తా. పగలు హరికథ, రాత్రి నాటకం, ఆ రోజు ద్రౌపదీ వస్త్రాపహరణం. వెనకాల కూర్చున్నోళ్ళకి కూడా కనపడాలని రెండు స్క్రీన్లు పెట్టించినారు. ఎడమ స్క్రీన్‌లో సభ, ఎర్రగా, ఊగతా ఉన్నట్టు. కుడి స్క్రీన్‌లో ద్రౌపది మొగం దగ్గరగా, ఏ ఎఫెక్టూ లేకుండా. రాత్రి ఒంటిగంటకి కరెంట్ నుంచి జనరేటర్‌కి మార్చినారు, ఒక్క క్షణమే, కానీ ఆ క్షణంలో రెండు ప్రొజెక్టర్లూ ఆరిపోయినాయి. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి అది నడస్తానే ఉంది, డిస్‌ప్లేలు పోయినాయి అనుకుని విండోస్ అన్నీ మార్చేసింది. ప్రొజెక్టర్లు చల్లారి మళ్ళీ వెలిగేసరికి ఎడమది కుడికీ కుడిది ఎడమకీ పోయింది, ఆయమ్మ మొగం మీద ఆ ఎర్ర ఊగుడు పడింది. ఆ వేషం కట్టినాయన కృష్ణా కృష్ణా అని గొంతు పగిలేలా పాడతా ఉంటే జనాలు స్క్రీన్ దిక్కు చూసి గుసగుసలు పెట్టినారు. ఆయన కష్టం నా వల్ల పాడయిందని ఇప్పటికీ బాధే. ఆ రోజు నుంచి రెండు పనులు మానకుండా చేస్తా ఉండా. ప్రొజెక్టర్లకి కూడా యూపీఎస్ పెట్టించేది ఒకటి. రెండోది, లాప్‌టాప్ పోర్ట్‌కీ కేబుల్‌కీ మధ్యలో చిన్న ఈడీఐడీ ఎమ్యులేటర్ గుచ్చేది, బొటనవేలంత ఉంటుంది, ప్రొజెక్టర్ ఆరిపోయినా స్క్రీన్ ఉందనే లాప్‌టాప్‌ని నమ్మిస్తా ఉంటుంది, విండోస్ ఏదీ కదిలించదు. మీ హాల్లో కూడా జనరేటర్ మార్పు ఉంటుంది, కనుక్కో.

ఇంక కెమెరా. ఈడ నీ బ్యాలేకి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్ల నామం సుద్ద పూసుకుంటారు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పొడి, దొర వేషానికి గంధం. తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినోడివి, నీకు నేను చెప్పాల్సిన పని లేదు. కానీ కెమెరా దీన్ని ఎట్ల చూస్తుందో ఆలోచించు. ఆటోలో పెట్టినావంటే తెల్ల బైరాగి రాగానే కెమెరా అంతా చీకటి చేసుకుంటుంది, నల్ల తోటి రాగానే అంతా వెలుగు చేసుకుంటుంది. ఎడ్జ్ డిటెక్షన్ గానీ త్రెషోల్డ్ (వెలుగుకి పెట్టే హద్దు) గానీ పని చేసేది వెలుగు తేడా మీదే, కాబట్టి నువ్వు రిహార్సల్‌లో సెట్ చేసిందంతా షోలో కొట్టుకుపోతుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో పెట్టు. షట్టర్ 1/50, మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి లైట్ల పట్టీలు రావు. ఎక్స్‌పోజర్‌ని బైరాగి మొగం చూసి పెట్టుకో, ఆ సుద్ద మీద ముక్కు నీడ, కనుబొమ్మ గీత కనపడేదాకా తగ్గించు. అప్పుడు తోటి వేషం కొంచెం చీకట్లోకి పోతుంది, పర్వాలేదు, దాని కాలమ్‌లో క్లిప్పు మీద బ్రైట్‌నెస్ కొంచెం ఎత్తుకుని దాని తర్వాత ఎడ్జ్ పెట్టుకుంటే సరి. తెల్లలో పోయిన వివరం మాత్రం ఏ ఎఫెక్ట్‌తోనూ తిరిగి రాదు.

బండ వేషం సీన్‌లో లైట్ ఆపరేటర్ తప్పకుండా ఎర్ర లైట్లు వేస్తాడు, కుంకుమ కదా అని. కుంకుమ మీద ఎర్ర లైటు పడితే కెమెరాకి అది ఒక ఎర్ర ముద్ద, కళ్ళు లేవు, గీతలు లేవు, ఎడ్జ్ ఎఫెక్ట్‌కి పట్టుకునేదానికి ఏమీ దొరకదు. వెనక నుంచి ఎరుపు వేసుకోనీ, ముందు నుంచి మాత్రం మామూలు తెలుపు కొంచెం ఇవ్వమని అన్నని మంచిగా అడుగు, రిహార్సల్‌లో స్క్రీన్ మీద తేడా చూపించి అడిగితే ఎవరూ కాదనరు.

వెనక ఏం ఉందో అది ఇంకా ముఖ్యం. స్టేజి వెనక ముఖ్య అతిథుల పేర్లున్న ఫ్లెక్స్ కడతారు కదా, ఎడ్జ్ డిటెక్షన్ వేసి చూడు, డాన్సర్ కంటే ఆ అక్షరాల గీతలే ముందు కనపడతాయి. బ్యాలే టైమ్‌కి ఆ ఫ్లెక్స్ ముందర నల్ల గుడ్డ దిగేలా ఏర్పాటు చేయించు. నల్ల గుడ్డ ఉంటే కుడి పక్క ట్రెయిల్స్ కూడా డాన్సర్‌కే వస్తాయి, లేకపోతే అంతా అలుక్కుపోయినట్టు ఉంటుంది. గీతలు మరీ పురుగుల్లాగా మెరుస్తా ఉంటే అది కెమెరా గెయిన్ (వెలుగు చాలక బొమ్మని ఎత్తేది) వల్ల వచ్చే రవ్వ, ఎడ్జ్ కంటే ముందర కొంచెం బ్లర్ పెట్టు. ఎఫెక్ట్స్ వరుస ముఖ్యం, ముందు బ్లర్ తర్వాత ఎడ్జ్ అయితే రవ్వ పోయి గీత నిలుస్తుంది, ముందు ఎడ్జ్ తర్వాత బ్లర్ అయితే ఉన్న గీత కూడా మసకయిపోతుంది.

కెమెరా ఫ్రేమ్‌లోకి స్క్రీన్లు రాకుండా చూసుకో. వస్తే స్క్రీన్‌లో స్క్రీను, దాంట్లో ఇంకో స్క్రీను అని సొరంగం లాగా పోతుంది. కావాలని చేస్తే అదొక అందం, మీ బ్యాలే చివర్లో గంగమ్మ విశ్వరూపం సీన్‌కి బాగుంటుంది కూడా, కానీ తెలీకుండా వస్తే మాత్రం ఆగమాగం.

ఆలస్యం సంగతి. కెమెరా, క్యాప్చర్ కార్డు, సాఫ్ట్‌వేరు, ప్రొజెక్టరు, ఒక్కోటి ఒక ఫ్రేమో రెండో తింటుంది. నాలుగు ఫ్రేములు అనుకో, 30 ఫ్రేముల కెమెరాకి అది 133 మిల్లీసెకన్లు, 60 అయితే 67. డాన్సర్ పాదం తట్టినాక స్క్రీన్‌లో పాదం పడేసరికి తాళం దాటిపోయినట్టు ఉంటుంది. కొలిచేది సులభం. ఒక ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడిపించి కెమెరా ముందర పట్టుకో, ఇంకో ఫోన్‌తో ఆ ఫోనూ వెనక స్క్రీనూ రెండూ ఒకే ఫోటోలో పడేట్టు తియ్యి. ఫోన్‌లో 12.40 ఉండి స్క్రీన్‌లో 12.25 ఉంటే నీ ఆలస్యం 150 మిల్లీసెకన్లు. ఐదారు ఫోటోలు తీసి మధ్యస్తంగా ఉన్నది చూడు. రెండు స్క్రీన్లకీ విడివిడిగా తియ్యి, ప్రొజెక్టర్లు వేరే మోడల్స్ అయితే ఆలస్యం కూడా వేరే ఉంటుంది. కీస్టోన్ (వంకర పడిన బొమ్మని సరిచేసేది) వాడకుండా ప్రొజెక్టర్‌ని నిటారుగా పెట్టుకుని, మెనూలో బొమ్మని మెరుగుపరిచేవి ఆపేస్తే చాలా ప్రొజెక్టర్లలో కొంత తగ్గుతుంది. మిగిలిన ఆలస్యాన్ని ఎఫెక్ట్‌లోనే దాచు: నీడలు సాగే స్క్రీన్‌లో ఆలస్యం ఎవరికీ తెలీదు, అది ఎట్లాగూ వెనకబడేదే. కాబట్టి ఆలస్యం ఎక్కువున్న ప్రొజెక్టర్‌ని ట్రెయిల్స్ పక్కకి పెట్టుకో. గీతల బొమ్మ తక్కువ ఆలస్యం ఉన్న దానికి.

వెలుగు కూడా ఒకసారి లెక్క వేసుకో. 12 అడుగుల వెడల్పు 6.75 అడుగుల ఎత్తు స్క్రీన్ అంటే సుమారు ఏడున్నర చదరపు మీటర్లు, 5,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ పూర్తిగా వెలిగితే తెల్ల మీద 660 లక్సుల దాకా వస్తుంది. స్టేజి లైట్లు స్క్రీన్ మీదకి చిందితే ఆ చిందిన వెలుగే నీ బొమ్మలో నలుపు అవుతుంది, దానికంటే నలుపు రాదు. గీతల బొమ్మ ముప్పావు భాగం నలుపే కదా, అందుకే చిందిన వెలుగుకి ముందు చచ్చేది అదే. పక్క లైట్లని స్క్రీన్ మీద పడకుండా తిప్పించు.

ఇంక నా అభిప్రాయం ఒకటి చెప్తా, నచ్చితే తీసుకో. రెండు స్క్రీన్లలో రెండు ఎఫెక్ట్స్ అంటే రెండూ ఒకేసారి గంతులేయాలని కాదు. చూసేటోడికి ఉండేది రెండు కళ్ళే అయినా చూపు ఒకటే. రెండు పక్కలా హడావుడి పెడితే మధ్యలో ప్రాణం పెట్టి ఆడే పిల్లని ఎవరూ చూడరు. ఒక పక్క కదిలితే ఇంకో పక్క నిదానంగా ఉండాల. బైరాగి సీన్‌లో ఎడమ పక్క తెల్ల గీతలు, కుడి పక్క ఏ ఎఫెక్టూ లేని నల్లా తెలుపు మొగం, అట్ల మొదలుపెట్టు. తోటి సీన్‌కి వచ్చేసరికి ఇటు నీడలు సాగనీ, అటు గీతలు సన్నం చెయ్యి. విశ్వరూపం దగ్గర ఒక్కసారి మాత్రం రెండు స్క్రీన్లూ ఒకే బొమ్మకి వచ్చేయాల, అంతసేపూ వేరే వేరేగా చూసినోళ్ళకి ఆ కలిసిన క్షణం ఒళ్ళు జలదరిస్తుంది. దానికి చివరి కాలమ్‌లో రెండు గ్రూపుల్లోనూ ఒకే క్లిప్పు ఒకే ఎఫెక్ట్‌తో పెట్టుకుంటే చాలు.

డప్పుకి తగ్గట్టు ఎఫెక్ట్ ఊగాలంటే ఎఫెక్ట్ పారామీటర్ పక్కనున్న గుర్తు నొక్కి బయటి ఆడియో ఎఫ్ఎఫ్‌టీ (శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టి చూసేది)కి కలుపు, మిక్సర్ నుంచి ఒక ఆగ్జిలరీ లైన్ అడిగి తీసుకో. డప్పు దెబ్బ డీజే కిక్కు లాగ మరీ కింద ఉండదు, ఫ్రీక్వెన్సీ పట్టీని కొంచెం పైకి జరుపుకో. ఒక్క స్క్రీన్‌కే కలుపు, రెండిటికీ వద్దు. చిన్న మిడి కంట్రోలర్ (సాఫ్ట్‌వేర్‌ని చేత్తో నడిపే ఫేడర్ల పెట్టె) దొరికితే తెచ్చుకో, కోర్గ్ నానోకంట్రోల్ 2 లాంటి దాంట్లో ఎనిమిది ఫేడర్లు ఉంటాయి, మొదటిది ఎడమ స్క్రీన్ వెలుగు, ఎనిమిదోది కుడి స్క్రీన్ వెలుగు. ఏదైనా తప్పు జరిగితే కంటితో వెతక్కుండా ఆ పక్క ఫేడర్ కిందికి లాగేసేయొచ్చు.

స్ట్రోబ్ (టకటకా మెరిసే ఎఫెక్ట్) మాత్రం పెద్దగా వాడొద్దు. మూర్ఛ ఉన్నోళ్ళకి సెకనుకి మూడుసార్లు కంటే ఎక్కువ మెరిస్తే ప్రమాదం, ఎరుపు మెరుపులైతే ఇంకా. హాల్లో పిల్లలు, పెద్దోళ్ళు అందరూ ఉంటారు.

రిహార్సల్‌కి డాన్సర్లని మామూలు బట్టల్లో తెస్తే నీ సెట్టింగ్స్ ఏవీ పనికిరావు. కనీసం ఒకరిని సుద్ద పూసుకుని, ఇంకొకరిని బొగ్గు పూసుకుని రమ్మను, ఇద్దరినీ ఒకే లైట్ కింద పక్కపక్కన నిలబెట్టి ఎడ్జ్ త్రెషోల్డ్ అటు ఇటు జరుపు, ఇద్దరి మొగమూ గీతల్లో తెలిసే చోటు ఒకటి దొరుకుతుంది, లేదంటే ఇద్దరికీ రెండు నంబర్లు రాసుకో. ఆ స్టాప్‌వాచ్ ఫోటోలు కూడా అప్పుడే తీసెయ్. అంతా కుదిరినాక కాంపొజిషన్ ఫైలూ, అడ్వాన్స్డ్ అవుట్‌పుట్ ప్రీసెట్టూ రెండూ సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ వేసుకో, ఏ ప్రొజెక్టర్ కేబుల్ ఏ పోర్ట్‌కో టేప్ మీద రాసి కేబుల్ చివర అంటించు. ఎన్‌విడియా ప్యానెల్‌లో నీ యూఎస్‌బీ సీ ఏ కార్డుకి పోతుందో చూసి చెప్పు, ఇంటెల్‌కి పోతుంటే దానికి ఏం చేయాల్నో నీ లాప్‌టాప్ మోడల్ చూసి చెప్తా.